నేల కింద ట్యాంకు, ఇంట్లో బిందె



ఇంట్లో నీళ్ళు మంచివో కావో ముందు ఎవరికి తెలుస్తుంది? నీళ్ళు తెచ్చే మనిషికి తెలుస్తుంది. వంట చేసే మనిషికి తెలుస్తుంది. ఉప్పు నీళ్ళయితే పప్పు ఉడకదు. చిలుము నీళ్ళయితే బిందె అడుగున ఎర్రగా పేరుకుంటుంది. ఇవన్నీ ఆడవాళ్ళకు అక్షరాలు రాక ముందు నుంచే తెలుసు.

ఈ రోజు చెప్పుకునేది ఇంకో రకం చెడు గురించి. అది నేల కింద పూడ్చిన పెట్రోలు, డీజిలు ట్యాంకుల నుంచి వస్తుంది. నెమ్మదిగా వస్తుంది. కంటికి కనపడదు. ఒకసారి నీళ్ళలో చేరితే ఏళ్ళ తరబడి పోదు. దాన్ని ఎలా కనిపెట్టాలి? ఎలా కడగాలి? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఈ మూడు సంగతులు తెలుసుకుందాం.

కాళ్ళ కింద ఏముంది?

పెట్రోలు బంకు అందరూ చూసిందే. బండి ఆగుతుంది. గొట్టం పెడతారు. పెట్రోలు పోస్తారు. పైకి కనిపించేది పంపు ఒక్కటే. అసలు సరుకు అంతా కాళ్ళ కింద ఉంటుంది. గొయ్యి తీసి పెద్ద ట్యాంకులు పూడ్చి పెడతారు. ఒక్కో ట్యాంకులో 10 వేలు, 20 వేల లీటర్లు కూడా పడుతుంది.

నేల కిందే ఎందుకు పెడతారు? నిప్పు భయం ఉంది కాబట్టి. అది మంచి ఆలోచనే. కాని దానిలో ఒక చిక్కుంది. ఇంట్లో నూనె డబ్బా కారితే కింద జిడ్డు కనిపిస్తుంది. వెంటనే డబ్బా మారుస్తాం. నేల కింద ట్యాంకు కారితే ఎవరికి కనిపిస్తుంది? తడి మట్టిలోకే పోతుంది.

ఇనుము మట్టిలో ఉంటే తుప్పు పడుతుంది. పైపుల అతుకులు వదులవుతాయి. సెకనుకు ఒక్క చుక్క కారుతుందనుకోండి. ఒక్క చుక్కే గదా అనిపిస్తుంది. లెక్క వేయండి. రోజుకు 4 లీటర్లు దాటుతుంది. ఏడాదికి 1,500 లీటర్లు దాటుతుంది. ఎవరూ చూడకుండానే అంత నూనె భూమిలోకి దిగుతుంది.

నీళ్ళలోకి ఎలా చేరుతుంది?

కారిన నూనె మట్టిలో కిందికి ఇంకుతుంది. రాతి పగుళ్ళలో దూరుతుంది. చివరికి నీటి మట్టం దగ్గరికి చేరుతుంది. పెట్రోలు, డీజిలు నీళ్ళ కన్నా తేలిక. అందుకని నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. అందులో కొంత నీళ్ళలో కరిగిపోతుంది.

భూమి లోపలి నీళ్ళు ఒకచోట నిలిచి ఉండవు. కాలువలాగా కాకపోయినా మెల్లగా ఒక వైపుకు కదులుతాయి. వాటితో పాటు కరిగిన విషం కూడా కదులుతుంది. దగ్గరలో బోరు నడుస్తుంటే నీళ్ళు ఆ వైపుకు లాగుతాయి. విషం కూడా ఆ వైపుకే వస్తుంది. నూనె కారేది ఒకచోట. దాని చెడు తేలేది ఇంకొకరి బోరులో.

పెట్రోలులో బెంజీన్ అనే పదార్థం ఉంటుంది. చాలా కాలం అది ఒంట్లోకి పోతే రక్త కాన్సరు రావచ్చు. తాగే నీళ్ళలో అది ఎంతవరకు ఉండవచ్చో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాములో నూరో వంతు దాటకూడదు అని చెప్పింది. అంటే 10 వేల లీటర్ల నీళ్ళ ట్యాంకరులో కొన్ని చుక్కలే. మన దేశంలో అమ్మే పెట్రోలులో నూటికి ఒక వంతు దాకా బెంజీన్ ఉండవచ్చు. అలాంటి పెట్రోలు ఒక్క లీటరు చాలు. దానిలోని బెంజీన్ అంతా నీళ్ళలో కలిస్తే 80 ట్యాంకర్ల నీళ్ళు ఆ హద్దుకు చేరతాయి.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. అమెరికా దేశంలో 1984లో నేల కింది ట్యాంకుల మీద చట్టం చేశారు. ఆ తర్వాత వెతికితే ఇప్పటికి 5 లక్షలకు పైగా కారిన చోట్లు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం శుభ్రం చేశారు. ఇంకా వేల చోట్ల పని మిగిలే ఉంది.

అక్కడ ఈ మధ్యనే జరిగిన ఒక సంగతి వినండి. దాన్ని ముందు పసిగట్టింది ఇంట్లో ఉన్న ఆడవాళ్ళే.

ఎర్ర కొండ కింద 20 ట్యాంకులు

పసిఫిక్ మహాసముద్రం మధ్యలో హవాయి దీవులు ఉన్నాయి. అవి అమెరికాలో ఒక రాష్ట్రం. ఆ దీవుల్లో ఒకటి ఓఆహు. హోనలూలూ పట్టణం ఈ దీవిలోనే ఉంది. చుట్టూ సముద్రం. సముద్రం నీళ్ళు తాగడానికి పనికిరావు. కొండల మీద కురిసిన వాన రాళ్ళ గుండా లోపలికి దిగుతుంది. ఆ నీళ్ళనే తోడుకొని తాగుతారు. హవాయి భాషలో నీళ్ళను 'వై' అంటారు. సంపదను 'వైవై' అంటారు. నీళ్ళ మాటనే రెండుసార్లు పలికితే సంపద అన్నమాట.

ఆ పట్టణం పక్కన రెడ్ హిల్ అనే కొండ ఉంది. అంటే ఎర్ర కొండ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940 నుంచి 1943 దాకా, అమెరికా నౌకా దళం ఆ కొండను తొలిచింది. లోపల 20 ట్యాంకులు కట్టింది. ఒక్కొక్కటి 250 అడుగుల ఎత్తు. 100 అడుగుల వెడల్పు. ఒక్కో ట్యాంకులో సుమారు 4 కోట్ల 70 లక్షల లీటర్ల ఇంధనం పడుతుంది. ఓడలకు, విమానాలకు కావలసిన ఇంధనం అందులో దాచేవాళ్ళు.

ఆ ట్యాంకుల అడుగున 100 అడుగుల లోతులో ఏముంది? జనం తాగే నీళ్ళున్నాయి.

2014 జనవరిలో ఒక ట్యాంకు కారింది. సుమారు లక్ష లీటర్ల ఇంధనం పోయింది. అప్పుడే హోనలూలూ నీటి శాఖ గట్టిగా చెప్పింది. ట్యాంకులను ఇక్కడ ఉంచవద్దు, లేదా రెండు పొరల ట్యాంకులు కట్టండి అని అడిగింది. ఆ శాఖ ప్రధాన ఇంజనీరు ఎర్నీ లౌ ఏళ్ళ తరబడి ఆ మాటే చెబుతూ వచ్చాడు. కాని 2015లో కుదిరిన ఒప్పందంలో ట్యాంకులు బాగుచేయడానికి 20 ఏళ్ళకు పైగా గడువు ఇచ్చారు.

నీళ్ళు అంత గడువు ఇవ్వలేదు.

2021 మే 6న ఒక పైపు తెగింది. సుమారు 75 వేల లీటర్ల ఇంధనం మంటలార్పే వ్యవస్థకు చెందిన ఇంకో పైపులోకి పోయింది. అక్కడే నిలిచిపోయింది. సరుకు లెక్కలో తేడా వచ్చింది. ఆ తేడా ఎక్కడికి పోయిందో సరిగా వెతకలేదు. ఆరు నెలలు గడిచాయి. నవంబరు 20న సొరంగంలో ఒక చిన్న బండి ఆ పైపు కవాటానికి తగిలింది. కవాటం విరిగింది. ఇంధనం ఒక రోజుకు పైగా కారింది. పక్కనే నౌకా దళం వాళ్ళ మంచినీళ్ళ బావి ఉంది. అందులోకి చేరింది.

ఆ బావి నీళ్ళు అప్పట్లో సుమారు 93 వేల మంది తాగేవాళ్ళు. సైనికుల కుటుంబాలు, బడులు, ఆసుపత్రులు ఆ కుళాయిల మీదే ఉండేవి. వారం తిరిగేసరికి వంటింటి కుళాయిలో ఇంధనం వాసన వచ్చింది. గ్లాసులో పట్టి చూస్తే పైన రంగురంగుల జిడ్డు తేలింది. పిల్లలకు వాంతులు, తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు. తల్లులు ఫోన్లు చేశారు. వందల కొద్దీ ఫిర్యాదులు వెళ్ళాయి.

జవాబు ఏమొచ్చింది? నీళ్ళలో దోషం ఉన్నట్టు కనపడలేదని, తామూ అవే తాగుతున్నామని స్థావరం అధికారి నుంచి ప్రకటన వచ్చింది. అప్పటికే ఆ బావిని ఆపేశారు. ఆ సంగతి జనానికి వెంటనే చెప్పలేదు. నవంబరు 29న రాష్ట్ర ఆరోగ్య శాఖ ఆ నీళ్ళు తాగవద్దని హెచ్చరించింది. తర్వాత పరీక్షల్లో ఇంధనం ఉందని తేలింది. ఆ అధికారి క్షమాపణ చెప్పాడు. వేల కుటుంబాలు ఇళ్ళు వదిలి నెలల తరబడి హోటళ్ళలో ఉన్నాయి.

సభలు పెట్టినప్పుడు తల్లులు లేచి నిలబడి మాట్లాడారు. ఏ రోజు వాసన వచ్చింది, ఏ రోజు పిల్లకు జబ్బు చేసింది చెప్పారు. ఆ దీవి అసలు వాసులైన హవాయి ప్రజలు వీధుల్లోకి వచ్చారు. 'ఓలా ఇ కా వై' అన్నారు. నీళ్ళే ప్రాణం అని దాని అర్థం.

ఎర్నీ లౌ డిసెంబరు 2న పట్టణానికి నీళ్ళిచ్చే హలావా బావిని మూసేశాడు. ఆ బావి నీళ్ళలో ఇంధనం కనపడిందని కాదు. భూమి లోపల రెండు బావులకూ నీళ్ళు ఒకటే. పంపు నడిస్తే విషం ఇటు లాగుతుందని భయం. పట్టణంలో అయిదో వంతు నీళ్ళు ఇచ్చే బావి అది. మూడేళ్ళు గడిచినా దాన్ని తెరవలేదు. నీళ్ళు పొదుపు చేయమని జనాన్ని బతిమిలాడాల్సి వచ్చింది. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. అయినా కష్టం వాళ్ళకు వచ్చింది.

చివరికి 2022 మార్చి 7న అమెరికా రక్షణ మంత్రి ట్యాంకులు మూసేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. 2023 అక్టోబరులో ఇంధనం దించడం మొదలుపెట్టారు. 39 కోట్ల లీటర్లకు పైగా దించారు. 20 ఏళ్ళు పడుతుందన్న పనికి జనం అడిగేసరికి రెండేళ్ళలో దారి దొరికింది.

కొందరు కోర్టుకు వెళ్ళారు. 2025 మేలో కోర్టు మొదటి 17 మందికి నష్టపరిహారం ఇమ్మంది. ఒకరికి 5 వేల డాలర్లు, ఇంకొకరికి లక్ష డాలర్లకు పైన, ఇలా వేరువేరుగా వచ్చింది. ఇంకా వేల మంది ఎదురుచూస్తున్నారు.

భూమి లోపలికి కన్ను పెట్టడం ఎలా?

కనపడని దాన్ని కనిపెట్టడానికి మూడు దారులు ఉన్నాయి.

మొదటిది లెక్క. బంకులో రోజూ కొలకర్ర ముంచి ట్యాంకులో ఎంత ఉందో చూస్తారు. ఎంత వచ్చింది, ఎంత అమ్మారు, ఎంత మిగలాలి అని లెక్క కడతారు. పాల కేంద్రంలో లెక్క చూసిన వాళ్ళకు ఇది తెలిసిందే. రోజూ లెక్క తగ్గుతుంటే ఏమిటి అర్థం? దొంగతనమైనా జరగాలి, కారైనా పోవాలి. ఎర్ర కొండ దగ్గర లెక్క తగ్గినప్పుడే వెతికితే ఆ బావి దక్కేది.

రెండోది గమనించే బావి. ఇది తాగే నీళ్ళ కోసం కాదు. ట్యాంకు చుట్టూ సన్నటి బోర్లు వేస్తారు. లోపల సన్నని చీలికలున్న గొట్టం దించుతారు. ట్యాంకుకు ఎగువన ఒకటి, దిగువన రెండు మూడు. నీళ్ళు ఏ వైపుకు కదులుతున్నాయో వాటి మట్టాలను బట్టి తెలుస్తుంది. ఎగువ బావి బాగుండి దిగువ బావిలో నూనె వస్తే దోషం ఎక్కడుందో తేలిపోతుంది. ఎర్ర కొండ చుట్టూ ఇలాంటివి పదుల కొద్దీ వేశారు. వాటిని ఒక్కసారి చూసి వదిలేస్తే లాభం లేదు. వాన కాలంలో చూడాలి. ఎండా కాలంలో చూడాలి. ఏళ్ళ తరబడి చూడాలి.

మూడోది ప్రయోగశాల పరీక్ష. నీళ్ళను శుభ్రమైన గాజు సీసాలో అంచు దాకా పట్టాలి. పైన గాలి ఉండకూడదు. ఎందుకంటే బెంజీన్ గాలిలోకి ఎగిరిపోతుంది. మూత గట్టిగా పెట్టి, మంచు పెట్టెలో ఉంచి త్వరగా పంపాలి. ప్రయోగశాల వాళ్ళే వచ్చి పట్టుకుంటే ఇంకా మంచిది.

కడగడం ఎలా?

ఇంట్లో నీళ్ళు మరిగిస్తే సరిపోదా? సరిపోదు. మరిగిస్తే క్రిములు చస్తాయి. పెట్రోలు విషం మాత్రం ఆవిరై వంటింట్లో నిండుతుంది. అది ఊపిరిలోకి పోతుంది. బ్లీచింగ్ పొడి వేసినా పోదు. గుడ్డతో వడగట్టినా పోదు. ఆ నీళ్ళు వాడడం మానేయాలి. వేరే నీళ్ళు తెచ్చుకోవాలి. వేరే దారి లేదు.

భూమిని కడిగే పని పెద్దది. అది ఇంజనీర్ల పని. వరుస మాత్రం అందరికీ తెలిసి ఉండాలి.

ముందు కారడం ఆపాలి. ట్యాంకు ఖాళీ చేయాలి. కుండ కారుతుంటే కింద తుడుస్తూ కూర్చుంటామా?

తర్వాత నీళ్ళ మీద తేలే నూనెను తోడెయ్యాలి. ట్యాంకు చుట్టూ నూనె పట్టిన మట్టిని తవ్వి తీయాలి. తీసిన మట్టిని ఇంకోచోట పారబోస్తే దోషం ఆ ఊరికి పోతుంది. దాన్ని కూడా శుద్ధి చేయాలి.

మట్టిలో మిగిలిన ఆవిరిని గొట్టాలతో పీల్చేస్తారు. నీళ్ళను పైకి తోడి బొగ్గు గుండా పంపుతారు. ఇది పొయ్యిలో వేసే బొగ్గు కాదు. విషాన్ని పట్టి ఉంచేలా ప్రత్యేకంగా తయారు చేసిన బొగ్గు. ఎర్ర కొండ బావిలో 2022 మొదట్లో ఈ పనే చేశారు. రోజుకు సుమారు 2 కోట్ల లీటర్ల దాకా తోడి బొగ్గు గుండా పంపేందుకు ఏర్పాటు చేశారు.

మట్టిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు నూనెను తింటాయి. వాటికి గాలి అందేలా చేస్తే పని వేగంగా సాగుతుంది. కాని వాటి మీద వదిలేసి ఊరుకోకూడదు. గమనించే బావుల్లో విషం తగ్గుతుందో లేదో చూస్తూ ఉండాలి.

ఎంత కాలం పడుతుంది? అమెరికాలోనే కాలిఫోర్నియా రాష్ట్రంలో శాంటా మోనికా అనే పట్టణం ఉంది. పెట్రోలులో కలిపే ఒక రసాయనం అక్కడి బావుల్లోకి దిగింది. దగ్గరలోని బంకుల ట్యాంకులు కారడం దానికి ఒక కారణం. 1996లో బావులు మూసేశారు. పట్టణానికి సగం నీళ్ళు పోయాయి. బయట నుంచి నీళ్ళు కొన్నారు. పట్టణం నూనె కంపెనీల మీద దావా వేసి డబ్బు రాబట్టింది. బొగ్గు గుండా శుద్ధి చేసే కేంద్రం కట్టారు. ఆ బావుల నీళ్ళు మళ్ళీ ఇళ్ళకు చేరేసరికి సుమారు 15 ఏళ్ళు అయింది. బావి మూసినప్పుడు బడిలో చేరిన పిల్ల పెళ్ళీడుకు వచ్చింది.

అంత డబ్బున్న దేశంలోనే ఇంత కాలం పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

మన దగ్గర నియమం ఏముంది?

మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులకు నియమాలు పెట్టింది. బడికి, 10 మంచాలు అంతకు పైన ఉన్న ఆసుపత్రికి, ఇళ్ళ ప్రాంతానికి 50 మీటర్ల దూరంలో బంకు ఉండాలి. అంత దూరం కుదరకపోతే అదనపు జాగ్రత్తలు తీసుకోవాలి. ఎట్టి పరిస్థితిలోనూ 30 మీటర్ల కన్నా దగ్గర ఉండకూడదు.

ఖర్చు ఎవరిది? ఇది మన సుప్రీంకోర్టు తేల్చిన సంగతి. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛడీ అనే గ్రామం ఉంది. అక్కడి బావులను చెడగొట్టింది పెట్రోలు కాదు, రసాయన ఫ్యాక్టరీలు. బావుల నీళ్ళు తాగడానికి పనికిరాకుండా పోయాయి. 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చెడగొట్టిన వాళ్ళే బాగు చేసే ఖర్చు భరించాలి అంది. ఆ తీర్పు ప్రతి బావికీ వర్తిస్తుంది. ఊరి జనం చందాలు వేసుకొని కడగాల్సిన పని లేదు.

జల జీవన్ మిషన్ పథకం 2019లో మొదలైంది. దాని కింద ప్రతి ఊరిలో అయిదుగురు ఆడవాళ్ళకు నీళ్ళ పరీక్ష నేర్పాలని పెట్టారు. చిన్న పెట్టెలో మందులు ఇస్తారు. ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరిన్ వంటివి దానితో చూడవచ్చు. ఇది చాలా మంచి పని. కాని ఒక మాట మరిచిపోకండి. ఆ పెట్టె పెట్రోలును పట్టుకోదు. ఆ పరీక్షలో నీళ్ళు బాగున్నాయని వచ్చినా, వాసన వస్తుంటే ఊరుకోవద్దు. పెట్రోలియం నూనెల పరీక్ష కావాలని విడిగా అడగాలి.

వాసన వస్తే ఏం చేయాలి?

వాసన వచ్చే బావి దగ్గర దీపం, బీడీ, చుట్ట వెలిగించవద్దు. మోటారు వేయవద్దు. బావిలోకి ఎవరినీ దించవద్దు. ఆవిరికి స్పృహ తప్పుతుంది.

ఆ నీళ్ళు తాగవద్దు. వంటకు, స్నానానికి వాడవద్దు. పశువులకూ పెట్టవద్దు. ఇరుగు పొరుగు వాళ్ళకు చెప్పండి. వాళ్ళ బోరులో కూడా వాసన ఉందేమో అడగండి.

వెంటనే బంకు మీద నింద వేయవద్దు. డీజిలు ఇంజను కారినా వాసన వస్తుంది. మెకానిక్కు షాపు వాళ్ళు పాత నూనె గుంటలో పోసినా వస్తుంది. ముందు మన ఇంజను చూసుకోవాలి. పరీక్షలో తేలిన తర్వాత గట్టిగా అడగాలి.

నోటు పుస్తకం తీయండి. తారీకు రాయండి. ఏ బావి, ఏ బోరు రాయండి. వాసన ఎలా ఉంది, జిడ్డు తేలిందా, వాన తర్వాత ఎక్కువైందా రాయండి. ఎవరికి ఏ జబ్బు చేసిందో రాయండి. ఎవరికి చెప్పారు, వాళ్ళేమన్నారు అదీ రాయండి. నోటి మాటను కాదనడం తేలిక. తారీకు వేసి రాసిన మాటను కాదనడం కష్టం.

తర్వాత అర్జీ పెట్టండి. అర్జీ పెద్దదిగా ఉండనక్కర లేదు. ఇలా రాస్తే చాలు:

"పంచాయతీ కార్యదర్శి గారికి,
మా వీధిలో రెండు బోర్ల నీళ్ళకు పది రోజులుగా పెట్రోలు వాసన వస్తోంది. నీళ్ళ మీద జిడ్డు తేలుతోంది. ఈ నీళ్ళలో పెట్రోలియం నూనెలు, బెంజీన్ ఉన్నాయేమో ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఫలితం మాకు కాగితం మీద ఇవ్వాలి. అంతవరకు తాగే నీళ్ళు పంపాలి.
ఇట్లు, వీధి ఆడవాళ్ళు."

కింద అందరూ సంతకాలు చేయండి. ఒక నకలు దగ్గర ఉంచుకోండి. అర్జీ అందినట్టు నకలు మీద సంతకం, తారీకు వేయించుకోండి. ఇంకో నకలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి, ఇంకొకటి కలెక్టరు గారికి పంపండి. ఫలితం చూపించకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. గ్రామసభలో కూడా అడగండి.

వాసన లేదు గదా అని ఊరుకోవద్దు. ఊరి పక్కన బంకు ఉంటే, దాని దగ్గరి బోర్ల నీళ్ళను ఏడాదికి ఒకసారైనా పరీక్ష చేయించమని పంచాయతీని అడగండి. ట్యాంకులు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు పరీక్షించారు అని అడగండి. అడిగేది గొడవ కోసం కాదు. బంకు కావాలి. నీళ్ళు కూడా కావాలి. బంకులో పనిచేసే కుర్రవాళ్ళు తాగేవి కూడా ఆ నీళ్ళే.

అక్కలారా, ఎర్ర కొండ దగ్గర పెద్ద పెద్ద యంత్రాలున్నాయి. ఇంజనీర్లున్నారు. అయినా వంటింట్లో కుళాయి తిప్పిన ఆడవాళ్ళ ముక్కే ముందు చెప్పింది. వాళ్ళ మాటను మొదటి రోజే వింటే చాలామంది పిల్లలు ఆ నీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళు.

రేపు బిందె నింపేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. గ్లాసులో నీళ్ళు పట్టి వెలుతురులో చూడండి. వాసన చూడండి. బాగుంటే బాగున్నాయని తారీకు వేసి రాయండి. బాగున్న రోజున రాసిన మాట కూడా పనికొస్తుంది. నీళ్ళు ఏ రోజు నుంచి చెడ్డాయో తెలియాలంటే, ఏ రోజు దాకా బాగున్నాయో తెలిసి ఉండాలి గదా!